హరనాథ్ పిటిషన్

“సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి ఆంటీ. కోర్టు సరేనంటే అంకుల్ ఆ సాయంత్రమే షాపుకెళ్లి గన్ కొనుక్కోవచ్చు. మీకు ఓకేనా?”

లాయర్ విద్య పెన్ను పక్కన పెట్టి మరీ అడిగింది. వర్జీనియాలోని షాంటిలీలో, ఇండియన్ గ్రోసరీ మీది అంతస్తులో ఆమె ఆఫీసు. పద్మ పక్కకు తిరిగి చూసింది. పక్క కుర్చీలో భర్త హరనాథ్ తలవంచుకుని తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

ఆరేళ్ల కిందట ఉద్యోగం పోయి, నిద్ర పోయి, చివరికి మాట కూడా కరువైన రోజుల్లో, ఒక ఉదయం అతను గరాజ్‌లోకి వెళ్లి తలుపు బిడాయించుకున్నాడు. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసింది పద్మే. ప్రమాదకరమైన స్థితిలో ఉన్నాడని విచారణలో తేల్చి, అతను వద్దంటున్నా మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచారు. అలా ఉత్తర్వు మీద ఆసుపత్రిలో చేర్చినవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అది వర్జీనియా చట్టం. షాపువాళ్లు అమ్మేముందు చేయించే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో వాళ్ల పేరు దగ్గరే అమ్మకం ఆగిపోతుంది. బాగైనవాళ్లు నిషేధం తీసేయమని కోర్టును అడిగే వీలూ ఆ చట్టంలోనే ఉంది.

హరనాథ్ బాగయ్యాడు. బ్రిడ్జిలు తనిఖీ చేసే కంపెనీలో చేరాడు. మందులు వేళకి వేసుకుంటాడు, శనివారం పొద్దున దోసెలు తనే పోస్తాడు. ఇక ఆ ఊసు ఇంట్లో రాదనుకుంది పద్మ. కానీ మార్చిలో ఒకరోజు అన్నం తింటూ, “కోర్టులో పిటిషన్ వేద్దామనుకుంటున్నా,” అన్నాడు.

“ఎందుకండీ?”

“అందరికీ ఉన్న హక్కు నాకూ ఉండాలిగా.”

అతని ఆఫీసులో రాజ్ అని స్నేహితుడు, ఆదివారాలు తుపాకీ కాల్చడానికి షూటింగ్ రేంజ్‌కి వెళ్తాడు. ఆ సరదా ఈయనకీ అంటుకుందనుకుంది పద్మ.

లాయర్ దగ్గర్నుంచి తిరిగొస్తుంటే కారులో మెల్లిగా అడిగింది. “ఆరోజు నేను ఫోన్ చేశానని మీకు కోపమా?”

“ఆ ఫోన్ వల్లే కదా ఇవాళ కారు డ్రైవ్ చేస్తున్నా.”

“మరి ఇప్పుడు తుపాకీ...”

“ముందు జడ్జి ఏమంటారో చూడనీ పద్మా. నువ్వు మాత్రం నాకోసం అబద్ధం చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు.”

అక్టోబరులో విచారణ జరిగింది. డాక్టరు రిపోర్టు చదివారు. ఆఫీసువాళ్లు రాసిన ఉత్తరాలు చూశారు. తర్వాత పద్మను పిలిచారు. ప్రభుత్వ లాయరు మర్యాదగానే అడిగాడు.

“మీ ఇంట్లో తుపాకీ ఉండటం మీకు ఇష్టమేనా?”

పద్మ భర్త వైపు చూసింది. అతను చిన్నగా తలూపాడు.

“ఇష్టం లేదు సార్. ఎవరింట్లో ఉన్నా నాకు ఇష్టం లేదు.”

విద్య ముఖం వాడిపోయింది. జడ్జిగారు కళ్లజోడు తీసి ముందుకు వంగారు.

“మీ భర్తంటే భయమా అమ్మా?”

“ఆరేళ్ల కిందట ఈయన గదిలో దగ్గినా లేచి చూసేదాన్ని, యువరానర్. ఇప్పుడు పక్కనే గురక పెడుతున్నా హాయిగా నిద్రపోతున్నాను. తుపాకీ అంటే భయమే. ఈయనంటే లేదు.”

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారూ నవ్వి, కాసేపు కాగితాలు తిరగేసి, పిటిషన్ ఒప్పుకుంటున్నానన్నారు. “ఇతనివల్ల ప్రజల భద్రతకు ప్రమాదం కలిగే అవకాశం లేదని కోర్టు భావిస్తోంది,” అని ఉత్తర్వులోని మాట పైకి చదివారు. హరనాథ్ ఆ వాక్యాన్ని మరోసారి చదవమని అడిగాడు. ఆయన విసుక్కోకుండా చదివారు.

బయటికొచ్చేసరికి ఎండ కాస్తోంది. పద్మకు గుండె మీది బరువు దిగినట్టయింది. గెలిచారు, అంతే చాలు. తుపాకీ కొంటే కొననీ, మంచి లాకర్ కూడా కొనమంటుంది, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటుంది.

రాజ్ ఫోన్ చేశాడు. “కంగ్రాట్స్ గురూ! షాపుకి ఎప్పుడు?”

“వేరే చోటికి వెళ్లాలి రాజ్, మళ్లీ చేస్తా,” అని హరనాథ్ ఫోన్ పెట్టేసి కారు యాష్‌బర్న్ వైపు తిప్పాడు. అక్కడ వాళ్ల కూతురు ఇషా ఇల్లు.

తలుపు తీస్తూనే, “నాన్నా, ఏమైంది? ఓకే అన్నారా?” అంది ఇషా. ఆమె చంకలో ఫిబ్రవరిలో పుట్టిన పాప బొటనవేలు చీకుతోంది.

“అన్నారు,” అంది పద్మ. అలవాటు ప్రకారం తనే చేతులు చాచింది. పాప ఎప్పుడూ అమ్మమ్మ దగ్గరికే. తాతయ్య ఒకసారి జలుబు అంటాడు, ఒకసారి చేతులు చల్లగా ఉన్నాయంటాడు, దూరంగా సోఫాలో కూర్చుని చూస్తుంటాడు. మగవాళ్లకి పసిపిల్లల్ని ఎత్తుకోవడమంటే బెరుకు అని సరిపెట్టుకుంది పద్మ.

ఇవాళ హరనాథ్ సోఫా వైపు వెళ్లలేదు. సింక్ దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

“ఇంతకీ ఏ గన్ కొంటున్నావు నాన్నా?” అంది ఇషా.

“గన్ నాకెందుకే?”

“మరి ఇన్ని నెలలు కోర్టు చుట్టూ ఎందుకు తిరిగినట్టు?” తల్లీ కూతుళ్లు ఒకేసారి అడిగారు.

హరనాథ్ కోర్టు ఉత్తర్వు తీసి, మడత విప్పి, కూతురి ముందు బల్ల మీద పెట్టాడు.

“నావల్ల ప్రమాదం లేదని రాశారమ్మా, ఇప్పుడు పాపను నా చేతికివ్వు.”