చెక్క గుడ్డు

అమ్మ దొంగతనం చేస్తుంటే నా కళ్లతో నేనే చూశాను. జూలో రాబందుల బాగోగులు చూసేది అమ్మే. తల్లి రాబందు మేతకని అలా గూడు దిగిందో లేదో, అమ్మ దాని గుడ్డు తీసి సంచిలో పెట్టుకుంది. ఆ చోట తెల్ల రంగేసిన చెక్క గుడ్డు పెట్టింది. పిచ్చిది, తిరిగొచ్చి దాన్నే పొదగసాగింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్నెవరైనా ఎత్తుకుపోయి, నా మంచం మీద బొమ్మని పడుకోబెడితే ఊరుకుంటావా?"

"అది కాదే తల్లీ..."

"నాతో మాట్లాడకు!"

నెల రోజులు మాట్లాడలేదు. జడ కూడా నేనే వేసుకున్నాను, వంకరటింకరగా.

చివరికి అమ్మకీ కోపం వచ్చింది. ఒకరోజు ఇంటికొస్తూనే ఆ చెక్క గుడ్డు ఠక్కున నా ముందు పెట్టింది.

"కళ్లు తెరుచుకుని చూడు!"

దాని నిండా గుంటలే.

"అన్నీ మొదట్లో ఆ రాబందు ముక్కుతో పొడిచిన పోట్లే. పోయినేడు పెట్టిన గుడ్డు ఇలాగే పొడిచి పగలగొట్టేసింది. ఆ జాతి పక్షులు మిగిలిందే కొన్ని. అందుకే అసలు గుడ్డుని వెచ్చటి పెట్టెలో దాచాను. ఇవాళ దానికి ఇచ్చేశాను."

"ఇచ్చేశావా? మళ్లీ పొడిస్తే?" అని అరిచాను.

అమ్మ చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి దాకా కట్టు.

"పొడిచింది, నన్ను! ఈ చెక్క గుడ్డు తీయబోతే మీద పడి రక్కేసింది. గుడ్డుని కాపాడుకోవడం నేర్చుకుంది, ఇక దాని గుడ్డుకేం భయంలేదు."

నేను దువ్వెన తెచ్చి అమ్మ ముందు కూర్చున్నాను. ఒంటిచేత్తో వేసిందేమో, జడ ఇంకా వంకరగా వచ్చింది.