కుదరని తూటా

"విషం చల్లాలంటే ముందు నన్ను దాటాలి," అంది ఆర్లిస్, గేటుకి అడ్డంగా నిలబడి.

కౌంటీ తెగుళ్ళ ఇన్‌స్పెక్టరు వెర్లిన్ ట్రక్కు దిగకుండానే నిట్టూర్చాడు. వెనక బస్తాల నిండా విషం పట్టించిన ఓట్ గింజలున్నాయి. ఆమె మేతబీడు నిండా ప్రెయిరీ కుక్కల బొరియలే. పేరుకే కుక్కలు, చూడబోతే బొద్దు ఉడుతలు. గడ్డిని వేళ్ళతో సహా నమిలేస్తాయి. పక్క బీడు గేలెన్ ఫిర్యాదు మీద ఫిర్యాదు పెడుతున్నాడు.

"చట్టం నేను రాయలేదు కదా, ఆర్లిస్ గారూ!"

"నీ గింజలు తిన్న ఎలకని తిని నా పెంపుడు కుక్క చచ్చింది. నా బీడులో ఏది చావాలో నేను చెప్తాను, కౌంటీ కాదు. తుపాకీతో నేనే ఏరేస్తాను."

"ఎప్పుడు?"

"తూటా కుదరగానే."

వెర్లిన్ ముఖం మెత్తబడింది. అతనూ తూటాలు స్వయంగా కట్టుకునేవాడే. కొట్లో కొన్న తూటాతో మూడొందల గజాల దూరాన ఉన్న పిడికెడు జంతువుని కొట్టబోవడం పడమటి డకోటాలో సిగ్గుమాలిన పని. ప్రతి తుపాకీకీ దానికి నచ్చిన పేలుడు మందు ఒకటుంటుంది. అదేదో, ఎంతో, గుండుని తూటా తొడుగులోకి ఎంత లోతుకి దించాలో ఓపిగ్గా వెతుక్కోవాలి.

"సగం చచ్చి బొరియలోకి పాకితే ఆ పాపం నాకొద్దు," అంది ఆర్లిస్. "గురి కాగితం మీద ఐదు చిల్లులూ పావు డాలరు బిళ్ళ కింద దాగాలి. అందాకా ఒక్కదాన్నీ కొట్టను. తప్పా?"

"తప్పని ఎవడంటాడు? కానీ మంచు పడితే విషం చల్లే కాలం దాటిపోతుంది. ఆలోగా మీరు కాల్చకపోతే నేను బస్తాలు విప్పుతా."

జూలైలో మళ్ళీ వచ్చాడు. షెడ్డులో ఆమె మందు తూస్తోంది. గోడనిండా చిల్లులు పడ్డ కాగితాలు.

"మూడు ఒకచోట, రెండు ఊరవతల," అన్నాడు నాలుక చప్పరిస్తూ. "గుండు ఇంకాస్త లోపలికి దించి చూడండి."

"దించాను. ఇంకా చెడింది. అదిగో చూడు."

గంటసేపు ఆ కబుర్లే. వెళ్తూ వెళ్తూ తను దాచుకున్న మందు డబ్బా ఒకటి ఇచ్చిపోయాడు. విషం మాటే మర్చిపోయాడు.

ఆగస్టులో కాఫీ హోటల్లో గేలెన్ అందరి ముందూ అందుకున్నాడు. "పదహారేళ్ళు కౌంటీ తుపాకీ పందెం గెలిచిన చెయ్యి ఇదేనా, ఆర్లిస్? దానికంటే రాళ్ళు విసురుకో, నయం!"

అందరూ నవ్వారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"నోరు పేల్చడానికి గురి అక్కర్లేదులే, గేలెన్," అని కప్పు ఖాళీ చేసి లేచింది.

సెప్టెంబరులో వెర్లిన్ పట్టుబట్టాడు. "నా కళ్ళముందు ఐదు కాల్చండి."

కాల్చింది. చిల్లులు అరచేయి వెడల్పున పడ్డాయి.

"చెయ్యి వణుకుతోందా?" అన్నాడు నెమ్మదిగా.

"చెయ్యి కాదు, మందు! మళ్ళీ మొదట్నుంచి మొదలెడతాను. తొందరగా ఉంటే చెప్పు, ఈ చెత్త తూటాతోనే కాలుస్తాను. పాపం నీదే."

"అయ్యో, వద్దొద్దు!" తూటా కుదుర్చుకుంటున్న మనిషిని తొందరపెట్టడం వెర్లిన్ వల్ల కాలేదు.

అక్టోబరు మూడోవారంలో మంచు పడింది.

"ఇక వచ్చే ఏడే," అన్నాడు వెర్లిన్, గేటు బయటే నిలబడి. "దిగులు పడకండి, ఆర్లిస్ గారూ. వయసు మీద పడ్డాక అందరికీ ఇంతే."

ఆ జాలి ఆమెకి గేలెన్ వెక్కిరింత కంటే లోతుగా దిగింది. అయినా తల దించలేదు. ట్రక్కు కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడి, ఇంట్లోకొచ్చి తుపాకీ తుడిచి గోడకి తగిలించింది. కిటికీలోంచి చూస్తే మంచులో ఒక బొద్దు బుర్ర పైకొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ బొరియలోకి దిగింది. ఆమెకి కడుపు నిండినట్టయింది.

తూటా మొదటిరోజే కుదిరింది.