గీత కింద చోటు

"ముందు ఆ మొహమాటం పక్కన పెట్టు, జోన్. మార్లన్ సంగతేగా?" అన్నాడు డాక్, తలుపు దగ్గర తల వంచి లోపలికి వస్తూ.

జోన్ హైడెమాన్ కాఫీ పోస్తోంది. సెయింట్ లూయిస్ బాస్కెట్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజరు ఆమె. ఎవరిని ఉంచాలో, ఎవరిని ఏ జట్టుతో మార్చుకోవాలో తేల్చేది ఆమే. మార్పిళ్ళకి ఈ ఏడాది గడువు మధ్యాహ్నం రెండింటితో సరి. డాక్‌ని రమ్మన్నది తనే అయినా మాట పెగలక, అతను తినడని తెలిసీ బటర్ కేకు ముక్కొకటి అతని ముందు పెట్టింది.

డాక్ ఒక కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీ మీదకి కుడికాలు చాపాడు. లీగు జీతాల నిబంధనలు రాసుకున్న రోజుల్లో ఆటగాళ్ళ సంఘం తరఫున నెలల తరబడి వాదించినవాడు అతను. ఆ నిబంధనల పుస్తకం చదివినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, చదివి నవ్వుకోగలిగినవాడు ఇతనొక్కడే. అందులో డాక్టరేటు చేశాడని తోటివాళ్ళు పెట్టిన ముద్దుపేరే డాక్.

గోడ మీద టీవీలో టెరెల్ విలేకరులతో మాట్లాడుతున్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, జట్టు ఆశలన్నీ అతని మీదే.

"టెరెల్‌కి ఈ ఊరంటే ఇష్టం. టెరెల్ ఇక్కడే ఉండాలనుకుంటున్నాడు. కానీ టెరెల్ తన ఇంటివాళ్ళ సంగతి కూడా చూసుకోవాలి."

"ఎవరో మేనమామ గురించి చెబుతున్నట్టుంది," అంది జోన్.

"ఆటగాళ్ళందరికీ ఉన్న జబ్బేలే. పేరు పెట్టి చెప్పుకుంటే బాధ తనది కానట్టుంటుంది." డాక్ టీవీ గొంతు తగ్గించాడు. "వీడి కొత్త ఒప్పందం ఈ వేసవిలోనే. అప్పటికి గీత కింద చోటుందా?"

"లేదు."

గీత అంటే అన్ని జట్ల జీతాలకీ లీగు గీసిన హద్దు. దాన్ని మరీ మించిపోతే జరిమానాతో పోదు. ఇద్దరిని కలిపి ఇచ్చి ఒకరిని తెచ్చుకోవడానికి ఉండదు, బయటివాళ్ళకి మంచి జీతం ఇవ్వడానికి ఉండదు, ఒక్క మాటలో చేతులు కట్టేస్తారు. ఇక్కడ మార్లన్ టిబ్స్ ఒక్కడి జీతమే ఆ చోటులో మూడో వంతు మింగేస్తోంది. ఈ ఏడాది పోయాక కూడా ఇంకో రెండేళ్ళుంది అతని ఒప్పందం. అలాగని కదిలిద్దామంటే ఊరంతటికీ అతను దేవుడు. ఎదుటి భవనం గోడ మీద ఏడంతస్తుల ఎత్తున అతని బొమ్మ వేయించుకున్నారు.

"ఆ ముక్కు వంకరగా వేశాడు," అన్నాడు డాక్, కిటికీలోంచి చూస్తూ. బొమ్మ వేసిన రోజు నుంచీ అతనిది అదే ఫిర్యాదు.

"ముక్కు బాగానే ఉంది. నీ చూపే వంకర."

"సరే, ఎవరెవరు అడుగుతున్నారు?"

"వాంకూవర్ వాళ్ళు మార్లన్‌ని తీసుకుని హాల్వర్‌సన్‌ని ఇస్తామంటున్నారు. పేరున్నవాడు, ఊళ్ళోవాళ్ళు నన్ను రాళ్ళతో కొట్టరు. మార్లన్‌కీ మంచిదే. ఈసారి కప్పు వాళ్ళదేలా ఉంది."

"హాల్వర్‌సన్‌కి ఇంకా ఎన్నేళ్ళుంది?"

"నాలుగు."

"అంటే నెత్తి మీది బండ దించి, అంతకన్నా పెద్ద బండ ఎత్తుకుంటావన్నమాట. పంపినంత జీతం ఎలాగూ తిరిగి తీసుకోక తప్పదు. ఎంత తీసుకుంటున్నావని కాదు, ఎన్నాళ్ళకి తీసుకుంటున్నావో చూడు. ఇంకెవరు?"

"ఓమహా. ఒకప్పటి మొనగాళ్ళు ఇద్దరిని ఇస్తారట. ఇప్పుడు ఆటలోకి దిగకుండా బెంచీ మీదే ఉంటారు, జీతాలు మాత్రం తగ్గలేదు. ఇద్దరి ఒప్పందాలూ జూన్‌తో ఆఖరు."

"ఇంకేం? జూన్ దాకా మొయ్యి. ఆ తర్వాత చోటే చోటు. టెరెల్ ఉంటాడు, వాడి పక్కన ఇంకో మంచివాడు వస్తాడు."

జోన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "ఓమహా లీగులో అట్టడుగున ఉంది, డాక్. మార్లన్ ఇన్నేళ్ళు ఆడి ఒక్క కప్పూ ముట్టుకోలేదు. ఆ మోకాళ్ళలో మిగిలిందే కాస్త ఆట. అది కూడా తీసుకెళ్ళి అక్కడ పారబోయనా?"

"నువ్వు మార్లన్‌కి మేనేజరువా, సెయింట్ లూయిస్‌కా?"

జోన్ టీవీ ఆపేసింది.

"మొన్నటి ఆట చూశావుగా," అన్నాడు డాక్, గొంతు తగ్గించి. "ఇద్దరు మీదపడుతుంటే టెరెల్ తల తిప్పకుండానే బంతి మూలకి విసిరాడు. నేర్పితే వచ్చేది కాదది. కానీ ఆఖరి నిమిషాల్లో వాడేం చేస్తున్నాడు? మర్యాదకి పోయి బంతి మార్లన్ చేతిలో పెడుతున్నాడు. మార్లన్ ఇక్కడున్నంతకాలం వాడికి ఆ మర్యాద పోదు."

ఈ గదిలోకి వచ్చే ఏజెంట్లైనా, ఆఖరికి జట్టు యజమానైనా, ఎవరి లాభం వాళ్ళు చూసుకునేవాళ్ళే. ఇలాంటి మనిషిని ఆమె ఇంకొకరిని చూడలేదు. అతనంటే తనకి ఎంత గౌరవమో చెబుదామనుకుంది గానీ, అలా చెబితే వేళాకోళం చేసి నవ్వేస్తాడని ఊరుకుంది. గడియారం ఒకటిన్నర దాటింది.

"లెక్క నువ్వు చెప్పిందే సరైంది," అంది చివరికి. "కానీ మార్లన్ సంతకం లేకుండా ఎక్కడికీ పంపకూడదని ఒప్పందంలోనే ఉంది. వాంకూవర్‌ అంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఓమహాకి వెళ్ళమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అడగక్కర్లేదు." డాక్ కిటికీ వైపు ఇంకోసారి చూశాడు. "ఆ బొమ్మ చెరిపేసి టెరెల్‌ది వేయించేటప్పుడు, ముక్కు కాస్త జాగ్రత్తగా వెయ్యమను. ఆ పెన్ను ఇలా ఇవ్వు."

డాక్ అని అందరూ పిలిచే మార్లన్ టిబ్స్ కుర్చీ మీది కుడికాలు దించి, సంతకం పెట్టాడు.