మిగిలిన బోల్టు

“ఈసారి ఒక్క బోల్టు మిగిలినా కారు నాది. ఆ మాట అన్నది నువ్వే బావా, మళ్లీ నాలుక మడతెయ్యకు.”

బావ తల ఎత్తలేదు. షెడ్డులో ఇంజన్ మీద వంగి, దాని పైమూత బోల్టుల్ని ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. “మడతెయ్యను. ఆ స్పానర్ ఇలా అందుకో.”

“నేనా? చేతులు జిడ్డవుతాయి.” బావమరిది తెల్లచొక్కా సవరించుకుని, స్టూలు ఇంకొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

అతనికి మెయిన్ రోడ్డు మీద హోటలుంది. దాని ముందు నిలబెట్టడానికి ఒక పాతకారు కావాలి. బానెట్ పీకేసి, లోపల మట్టి నింపి పూలమొక్కలు పెడితే జనం ఆగి ఫొటోలు దిగుతారు. ఈ డొక్కుకి అంతకుమించిన యోగం లేదని అతని నిశ్చితాభిప్రాయం. బావ మాత్రం రిటైరైన దగ్గర్నుంచి దీన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. ఇంజన్ దింపడం, సిలిండర్లు ఎంత అరిగాయో కొలవడం, పిస్టన్ రింగులు మార్చడం, వాల్వులు నూరడం, మళ్లీ బిగించడం. బిగించిన రెండుసార్లూ చివర్లో ఒక బోల్టు మిగిలింది. ఎక్కడిదని అడిగితే నోరు విప్పలేదు, ఇంజన్ విప్పాడు. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి! చుట్టాల్లో అతనికి ‘బోల్టు మాస్టారు’ అని పేరు పెట్టింది బావమరిదే. పేరు బాగానే పాకింది.

“సరే, స్టార్టయిందే అనుకో. నడిపేదెవరు?” అన్నాడు. “కిందటేడు వీధిలో స్పృహ తప్పి పడిపోలేదూ? స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడుగా డాక్టరు?”

“ఆయన కారు ఆయన్ని మానెయ్యమను. ఇంజన్ పలికిన రోజే దీన్ని కొండదారి ఎక్కిస్తా. మీ అక్కకి కూడా చెప్పేశాను.”

“అక్కేమంది?”

“అన్నం పెట్టింది. మాట్లాడలేదు.”

“పాపం, ఏం మాట్లాడుతుంది! గోడకి చెప్పినా కాస్త నయం.”

బావ ఆఖరి బోల్టు బిగించి నడుం నిమురుకున్నాడు. విప్పిన బోల్టులన్నీ గుడ్ల అట్టలో, గుంటకొకటి చొప్పున పేర్చుకోవడం అతని పద్ధతి. బావమరిది వంగి ఆ అట్టలోకి తొంగిచూశాడు. ఖాళీ. హోటలు ముందు పూలతోట కళ్లముందే ఎండిపోతోంది.

“బ్యాటరీ ఛార్జింగులో ఉంది, తెస్తానుండు,” అంటూ బావ పెరట్లోకి వెళ్లాడు.

బావమరిది విసురుగా ఇంట్లోకి నడిచాడు. అక్క కుట్టుమిషన్ కింద వంగి కూర్చుని ఉంది.

“అక్కడేం చేస్తున్నావక్కా?”

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. “సూది పడిపోయింది రా.”

మిషన్ మీద ఆకుపచ్చ కర్టెన్ సగం కుట్టి ఉంది. అతను చెయ్యి ఆనించగానే బల్ల పక్కకి ఒరిగింది.

“చూడు! ఇంట్లో మిషన్ ఇలా తూలుతుంటే పట్టించుకోడు, పైగా ఇంజన్లు కడతాడట! నువ్వెలా భరిస్తున్నావే ఈయన్ని?”

“దాని జోలికి పోకు. నాకు అలవాటైపోయింది,” అంటూ ఆవిడ బల్లని మోకాలితో ఆపింది. “అక్కడెంతవరకు వచ్చింది?”

“అయిపోయినట్టే. అట్ట ఖాళీ.”

ఆవిడ మూతి విరిచింది. “ఆయన మొహం! ఆయన చేసిన పని ఏనాడు తిన్నగా ఏడ్చింది గనక? నువ్వు పద, టీ పట్టుకొస్తాను.”

కాసేపటికి ఆవిడ షెడ్డులోకి వచ్చేసరికి బావ బ్యాటరీకి వైర్లు తగిలిస్తున్నాడు. ఆవిడ గుడ్ల అట్టని పక్కకి జరిపి, పళ్లెం బల్ల మీద పెట్టింది.

“ముందు టీ తాగండి. ఎలాగూ మళ్లీ విప్పుకునేదేగా.”

“ఇంకేం విప్పుతాను, అయిపోయింది,” అని బావ నవ్వుతూ టీ తాగి, గ్లాసు పెట్టేసి, జేబులోంచి కారు తాళం తీశాడు. బావమరిది ఆశ చావక ఆఖరిసారి అట్ట వైపు చూశాడు.

మూల గుంటలో ఒక బోల్టు ఉంది.

“బావా! ఇదేంటి?” అతను స్టూలు మీంచి ఎగిరి లేచాడు. ఇందాక తన కళ్లే మోసం చేశాయన్నమాట. ఇక బావ కళ్ల సంగతి చెప్పక్కర్లేదు. “మిగిలిందా, లేదా? చెప్పు మాస్టారూ!”

బావ బోల్టు తీసి కళ్లజోడు దగ్గర పెట్టుకున్నాడు. మరల్లో చిక్కుకున్న చిన్న ఆకుపచ్చ పోగుని గోటితో లాగి పారేశాడు. తర్వాత భార్య వంక చూశాడు. ఆవిడ తల వంచుకుని గ్లాసులు సర్దుతోంది.

“మిగిలింది,” అన్నాడు బావ. తాళం బావమరిది చేతిలో పెట్టాడు.

“పోనీ, ఒక్కసారి తిప్పి చూడకూడదూ?” గెలిచినవాడి ఔదార్యం అది.

“వద్దు. మాటంటే మాటే.”

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ గబగబా లోపలికి వెళ్లిపోయింది. సిగ్గయ్యుంటుందని బావమరిది అనుకున్నాడు. ఇలాంటి మొగుణ్ని కట్టుకుంటే ఎవరికుండదు!

హోటలుకి ఫోన్ చేసి లారీ పంపమన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఆఖరి పోటు పొడవకుండా ఉండలేకపోయాడు.

“మూడుసార్లు కట్టావు, మూడుసార్లూ మిగిలింది. ఇప్పుడైనా చెప్పు, ఇంతకీ ఇది ఎక్కడి బోల్టు?”

బావ చొక్కా జేబులోంచి ఇంకో రెండు తీశాడు. మూడూ అచ్చం ఒకేలా ఉన్నాయి. జిడ్డు అంటకుండా వాటిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, బావమరిది అరచేతిలో పోశాడు.

“పోయేముందు, మీ అక్క చూడకుండా, వీటిని తన కుట్టుమిషన్‌కి బిగించెయ్.”