రెండు సీట్ల కారు

రస్సెల్ కవర్ లాగేసరికి పసుపురంగు కారు గరాజ్ దీపాల కింద తళతళలాడింది.

"డెబ్బై రెండు మోడల్ కార్వెట్. నా దగ్గరికి వచ్చినప్పుడు సీట్లలో ఎలుకలు కాపురం ఉండేవి. మళ్లీ ఇలా చెయ్యడానికి ఆరేళ్లు పట్టింది" అన్నాడు. అతను రిటైరైన మెకానిక్.

డాక్టర్ రాధాకృష్ణ కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి, హెడ్‌లైట్ పక్కన అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. అరవై ఆరేళ్ల మనిషి కళ్లు పిల్లవాడి కళ్లలా మెరుస్తున్నాయి.

ఆయన భార్య నళిని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌ను రెండు చేతులతో పట్టుకుని, డెంటిస్టు దగ్గర పిలుపు కోసం చూసే మనిషిలా నిలబడింది.

"నాలుగు గేర్లేనా?" అడిగాడు రాధాకృష్ణ.

"నాలుగే. మాన్యువల్."

"టాప్ తీస్తే గాలి నేరుగా మొహానికే కొడుతుంది" అని నవ్వాడాయన. "డెట్రాయిట్‌లో రెసిడెన్సీ చేస్తున్నప్పుడు కొన్నాను. ఇదే రంగు. మా ఆవిడ ఇండియా నుంచి దిగితే ఎయిర్‌పోర్ట్ నుంచి దాంట్లోనే తీసుకొచ్చాను. సామానుకి చోటెక్కడ? సూట్‌కేస్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది పాపం. ఇల్లు చేరేసరికి జుట్టంతా చిక్కులు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు!"

చెబుతూనే బానెట్ ఎత్తించి ఇంజిన్ మీదికి వంగాడు. రస్సెల్ నవ్వుతూ నళిని దగ్గరికి వచ్చాడు.

"నిజంగా మూడు రోజులు మాట్లాడలేదా?"

"నాలుగు" అంది నళిని.

"మరి అంత ఇష్టమైన కారు ఎందుకు అమ్మేశారు?"

"పాప పుట్టింది. కారుకి రెండే సీట్లు."

హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగింది. ఆ పాపే. పేరు అవని, ఇప్పుడు బాతెల్ అనే ఊళ్లో బయోటెక్ కంపెనీలో పనిచేస్తోంది. నళిని బయటికి వచ్చి, పైన్ చెట్ల నీడలో నిలబడి ఫోన్ ఎత్తింది.

"అమ్మా, కొనేశావా?"

"ఇంకా లేదు. కొంటాను."

"యూ హేటెడ్ దట్ కార్! అది అమ్మేసిన రోజు నువ్వు పాయసం చేశావంట. నాన్నే చెప్పారు నాకు."

"చేశాను."

"మరి ఎందుకమ్మా ఇప్పుడు?"

"నాన్న రోజూ అడుగుతున్నారు, కారు ఎక్కడ పెట్టానూ అని."

"నాన్న చాలా అడుగుతారు. అన్నీ కొంటావా?"

"ఇది కొనగలను కాబట్టి కొంటున్నాను."

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

"బాగానే ఉన్నాను. పేపర్స్ సైన్ చెయ్యాలి, ఉంటాను."

గరాజ్‌లో చిన్న బల్ల మీద రస్సెల్ కాగితాలు పరిచాడు. నళిని బేరమాడలేదు. ఇంజిన్ గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. కరెంటు బిల్లు కట్టినట్టు బ్యాంకు చెక్కు తీసి ఇచ్చింది.

"ఇద్దరి పేర్లూ రాయమంటారా?"

"నా ఒక్కదాని పేరే."

రస్సెల్ పెన్ను ఆగింది. ఇంజిన్ దగ్గర ఏదో కూనిరాగం తీస్తున్న రాధాకృష్ణ వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఏమీ అనుకోకండి. ఆరేళ్లు దీనితోనే బతికాను, అందుకే అడుగుతున్నా. ఆయన అంత ఆనందంగా ఉన్నారు. మీకు మాత్రం ఇష్టం లేనట్టుంది."

"ఇష్టమో కాదో తెలియడం లేదు" అంది నళిని.

అది నిజమే. పోయిన చలికాలం నుంచి ఆమెకు చాలా సంగతులు అలాగే ఉన్నాయి. టీ చల్లారిపోయినా తాగేస్తోంది. గాలివానకి పెరట్లో చెట్టు ఫెన్స్ మీద కూలినప్పుడు కిటికీలోంచి ఒకసారి చూసి, మళ్లీ గిన్నెలు కడుక్కుంది. ఏడుద్దామని ఒకరోజు బాత్‌రూమ్‌లో కూర్చుంది కూడా. ఏడుపు రాలేదు. లేచి తువ్వాళ్లు మడతపెట్టింది.

రస్సెల్ తాళాలు తీసి రాధాకృష్ణకి ఇవ్వబోయాడు. ఆయన చెయ్యి అందుకోబోయింది. అంతలో నళిని చెయ్యి వాటిని తీసుకుంది.

"నేను డ్రైవ్ చేస్తాను."

"ఇది మాన్యువల్ మేడమ్."

"తెలుసు. నేర్చుకున్నాను."

యాభై తొమ్మిదేళ్ల వయసులో, నెల రోజులు, క్యారీ ఊళ్లో ఖాళీగా ఉండే ఒక పార్కింగ్ లాట్‌లో నేర్చుకుంది. క్లచ్ వదిలినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోయేది. 'ఇంత కష్టం ఎందుకండీ, ఆటోమేటిక్ ఉందిగా' అన్నాడు నేర్పినతను. ఆమె మళ్లీ స్టార్ట్ చేసింది.

"ఎక్కండి" అంది భర్తతో.

రాధాకృష్ణ అవతలి వైపు వెళ్లి బుద్ధిగా కూర్చున్నాడు. నళిని వంగి ఆయన సీట్ బెల్ట్ పెట్టింది. రస్సెల్ టాప్ తీసి వెనక సర్దాడు. వచ్చిన క్యాబ్‌ను ఆమె ఎప్పుడో పంపేసింది.

మొదటి గేర్‌లో కారు ఒక్క కుదుపు కుదిపింది. రెండో గేర్ మెత్తగా పడింది. సందు దాటి, ఇళ్లు దాటి, రెండు పక్కలా పొగాకు పొలాలున్న రోడ్డెక్కేసరికి నాలుగో గేర్‌లో ఉన్నారు. అక్టోబర్ గాలి మొహాలకు కొట్టింది. నళిని జుట్టు విడిపోయి కళ్లలో పడింది. ఆమె సర్దుకోలేదు.

రాధాకృష్ణ గట్టిగా నవ్వాడు. పది నెలల తర్వాత అంత పెద్ద నవ్వు వినబడింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆమె ఎదురుచూసింది. ఏమీ కదల్లేదు. రోడ్డు మీదే చూపు పెట్టి నడిపింది.

స్టాప్ సైన్ దగ్గర కారు ఆగింది. ఆయన ఆమె వైపు తిరిగి, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"మా ఆవిడ రాగానే మీకు పరిచయం చేస్తానండీ."