మూడో ప్రకటన

"ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను," అన్నాడు పాస్టరయ్య, కాగితం మీంచి తలెత్తకుండానే. వరసగా మూడు ఆదివారాలు అలా అడగడం చర్చి ఆచారం. బంగారుపాళ్యంలో చర్చి కట్టినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు, లేచి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ఆడవాళ్ళ వైపు చాపల మీంచి జ్ఞానాంబ లేచింది.

"నాకుండాదయ్యా."

పెళ్ళికొడుకు ఆమె నాయనే. పేరు ప్రేమానందం, పల్లెపల్లెకూ తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. అరవై దాటాయి. పెళ్ళికూతురు తాయమ్మ, అదే పల్లెల్లో ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే విధవరాలు. సంగతి తెలిసి జ్ఞానాంబ ఐరాలలోని అత్తగారింటి నుంచి రాత్రంతా బండిలో వచ్చి, నేరుగా చర్చి ముందే దిగింది.

"మా అమ్మ పొయ్యి ఏడాది తిరగలేదు. సమాధి మీద మన్ను ఆరలేదు. ఈయమ్మేమో మా నాయన కండవా కొస పట్టుకోని మామిడితోపుల్లో ముందు నడస్తా ఉంటే ఊరూరా నవ్వుతా ఉండారు. ఆ నవ్వు ఐరాల దాకా వచ్చింది."

"నవ్వుతున్నారనే కదమ్మా పెళ్ళి చేసేది," అన్నాడు పాస్టరయ్య మెల్లగా. "అది అభ్యంతరం కింద రాదు."

ముందు వరసలో ప్రేమానందం కూతురి గొంతు వచ్చిన వైపు కొంచెం తిరిగాడు.

తాయమ్మ లేచి నిలబడింది. "వద్దులేయ్యా, ఆ కాగితంలో మా పేర్లు కొట్టేయండి. బిడ్డ ఏడుపు మీద పందిరేసుకోని నేనేం బాగుపడేది."

అంతటితో సరి. పోట్లాటకు కొంగు బిగించి వచ్చిన జ్ఞానాంబకు ఎవరో పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. గెలిచానన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు.

మధ్యాహ్నం తాయమ్మ మూట చంకన పెట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఏర్పేడులో మా అన్న ఉండాడు. పొయ్యొస్తా. ఒక మాటమ్మా, నాయన్ను బాయికాడికి ఒంటిగా పంపొద్దు."

"కల్లు తాగే మనిషా మా నాయన, బాయిలో పడేదానికి? ఆయన సంగతి మాకు తెల్సులే."

తాయమ్మ ఏదో చెప్పబోయి, లోపల మంచం మీద కూర్చున్న ప్రేమానందాన్ని చూసి మింగేసింది. ఎండలో తలకు కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

"ఈ వయసులో నీకేం తక్కువైంది నాయనా?" జ్ఞానాంబ అడగకుండా ఉండలేకపోయింది.

"ఉండాదిలేమ్మా ఒకటి."

"నాతో సెప్పకూడదా?"

"అత్తామామలు, ముగ్గురు బిడ్డలు... ఉండే బరువు సాలదా నీకు? దేవుడు సూసుకుంటాడని ఊరకుంటి. ఆయమ్మను పంపించినాడు. ఇప్పుడు పొయ్యింది. మళ్ళా ఆయనే సూసుకుంటాడు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది జ్ఞానాంబకు. ముసలితనంలో మనిషి తోడు కోరుకోవడం అంత నేరమా? అమ్మే బతికుంటే నలుగురిలో తనను అలా నోరు పారేసుకోనిచ్చేదా? రేపు ఏర్పేడుకు మనిషిని పంపుదామనుకుంది. పంపితే మాత్రం ఏ ముఖంతో వస్తుంది తాయమ్మ? మాట తనది, పరువు ఆమెది. మాటను వెనక్కి తీసుకుంటే పరువు వెనక్కి వస్తుందా?

పొద్దు కుంకాక ప్రార్థనకు కూర్చున్నారు. యుద్ధం రోజులు, కిరసనాయిలు బంగారమైపోయింది. సీసాలో మిగిలిన చుక్కలన్నీ దీపంలో వంచి గూట్లో పెట్టింది జ్ఞానాంబ. బైబిలు తెచ్చి నాయన చేతిలో ఉంచింది. ఆయన కాగితాల అంచులు వేలితో తడిమి, కీర్తనల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని తీసి చదవసాగాడు. వేలు వరసల మీద కదులుతోంది. చిన్నప్పుడు విన్న గొంతే, ఎక్కడా తడబాటు లేదు. అమ్మ పోయినా, తను అత్తారింటికి పోయినా, ఈ ఒక్కటీ మారలేదు కదా అని జ్ఞానాంబ మనసు కొంచెం తేలికపడింది.

ఇంతలో దీపం రెపరెపలాడి ఆరిపోయింది. అమావాస్య ముందు రోజులు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

నాయన ఆపుతాడని చూసింది. ఆపలేదు. గొంతు అదే వరసన సాగింది. చీకట్లో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

కీర్తన ముగించి ఆయన నిదానంగా బైబిలు మూశాడు.

"సదివింది సాలు. ఇంక దీపం ఆర్పేయమ్మా, కిరసనాయిలు దండగ."