ముడుచుకున్న రెండు వేళ్ళు

"అరచెయ్యి బల్లకి ఆనించండమ్మా," అన్నాడు డాక్టరు.

అత్తగారు ఆనించింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుని, బల్లకీ అరచేతికీ మధ్య ఎలుక దూరేంత సందు మిగిలింది.

పక్కనే నిలబడ్డ కోడలు చంకలో పసిపాపని సర్దుకుంది. కూర్చుంటే కునుకు పడుతుందని కుర్చీ జోలికి పోలేదు. సోమవారం రాకపోతే ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టుకుంటామని బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కబురు పెట్టాడు. "అమ్మ ఉందిగా, నువ్వెళ్ళు," అంటాడు మొగుడు. ఆ అమ్మేమో వేళ్ళ జబ్బు పాపకి అంటుకుంటుందని మనవరాలిని తాకడమే మానేసింది. కంచం వేరు, తువ్వాలు వేరు. పట్టిన పట్టు విడవదు.

"ఇది అంటువ్యాధాండీ?" కోడలే అడిగింది.

"కాదమ్మా. చర్మం కింద పొర గట్టిపడి వేళ్ళని లాగేస్తోంది. ఎందుకన్నది పూర్తిగా తేలలేదు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయి చూడండి, వాటి పాత్ర కూడా ఉండొచ్చంటున్నారు. శత్రువు లేకపోయినా అరచేతిలో చేరి, లేని గాయాన్ని మానుస్తున్నట్టు పొర మీద పొర పేర్పిస్తాయన్నమాట."

"అంటే కాపలావాళ్ళే వాకిలికి అడ్డంగా గోడ కడుతున్నారా?" అంది అత్తగారు. "అచ్చం మావాడిలాగే. చెయ్యమన్నది చెయ్యడు, వద్దన్నది మానడు."

డాక్టరు నవ్వాడు. "పాపకి మాత్రం అంటదు. నిశ్చింతగా ఎత్తుకోండి."

"విన్నారుగా అత్తయ్యా? ఇంకేం సాకు చెబుతారు?"

"డాక్టర్లు రోజుకో మాట చెబుతారులే."

"ఆయన ఎదురుగానే అంటారేంటి?"

"నా చెయ్యి సంగతి నాకు తెలీదా?"

ఇక వాదించే ఓపిక లేక కోడలు పాపని ఆమె ఒళ్ళో పెట్టేసింది. అత్తగారు కాసేపు బిగుసుకుపోయి, తర్వాత రెండు చేతులూ చుట్టేసింది. వేళ్ళు ముడుచుకున్నా పట్టు గట్టిగానే ఉంది.

గుండెల మీంచి బండ దిగినట్టుండాలి. కానీ సోమవారం నుంచి రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడాలన్నదే కోడలికి ముందు గుర్తొచ్చింది. వస్తున్నానని సూపర్‌వైజరుకి చెప్పడానికి ఫోను తీసుకుని వరండాలోకి నడిచింది. నంబరు నొక్కబోతుంటే ఓరగా తెరిచి ఉన్న తలుపులోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అంటుతుందని ఒక్క మాట అనకపోయారా బాబూ, పచ్చి బాలింత, ఇంకో నెల నడుం వాల్చేది."